పన్నెండో మెట్టు

ఆగస్టు 9, 2006. బుధవారం. ఖమీస్ ముషైత్, సౌదీ.

మధ్యాహ్నం మూడింటికి వడగళ్ళు పడ్డాయి, శెనగగింజలంత. మా ఆఫీసు కంటైనరు రేకు మీద ఆ చప్పుడుకు పది నిమిషాలు ఎవరి మాటా ఎవరికీ వినపడలేదు. తర్వాత పొగమంచు దిగి క్రేను కొన మాయమైంది. స్కూలు బి బ్లాకులో స్లాబు పని ఆపేశారు. నేను సి బ్లాకు మెట్ల డ్రాయింగు షీట్లు రెండు ముగించాను. ఒకటి మిగిలింది.

సాయంత్రం, మా డ్రాయింగులు దిద్దే ఇంగ్లీషు కన్సల్టెంటు వాడింగ్టన్ సార్ తన ఆఫీసుకు పిలిచారు. ఎర్ర పెన్ను తప్పులేమో అనుకున్నాను. కాదు. తాను రాస్తున్న పుస్తకంలో నాలుగో అధ్యాయం ప్రింటు తీసి చేతిలో పెట్టారు. "మీ కోటల అధ్యాయం, మిస్టర్ రసూల్" అన్నారు. టీ ఆయనే కలిపి ఇచ్చారు.

పుస్తకం కెప్టెన్ రడ్‌లీ మీద. రెండు వందల ఏళ్ళ కిందట మా కడప వైపు కోటల బొమ్మలు వేసిన ఇంగ్లీషు దొర. రెండేళ్ళ కిందట ఈ ఆఫీసు గోడ మీద ఒక బొమ్మ నకలు చూసి, ఇది మా గొల్లబండ కోట సార్ అని చెప్పింది నేనే. అప్పటినుంచి ఆయన అడగడం, నేను చెప్పడం. రెండు సెలవుల్లో వెళ్ళి మూడు కోటలు కొలుచుకొచ్చాను. పద్నాలుగు షీట్లు.

ఇంగ్లండులో ఒక ప్రెస్సు పుస్తకం వేస్తానంది. కానీ అరవై రంగు బొమ్మలు, వాటికి లైబ్రరీ అనుమతులు. ఆ ఖర్చు ప్రెస్సు మోయదు. బ్రిటిషు చిత్రకళ మీద రాసేవాళ్ళకు గ్రాంటు ఇచ్చే ట్రస్టు లండన్‌లో ఉంది. అది ఇస్తేనే పుస్తకం. అప్లికేషను సెప్టెంబరు 30కి అక్కడ చేరాలి. నా షీట్లు వాడుకోవడానికి నేను ఒప్పుకున్నట్టు సంతకం పెట్టిన పత్రం దానికి జతచేయాలి.

చదివి సంతకం పెట్టమన్నారు.

ఆగస్టు 11, శుక్రవారం

నమాజు తర్వాత నిఘంటువు పక్కన పెట్టుకుని ముప్ఫై రెండు పేజీలూ చదివాను. బాగా రాశారు. గోడ మీద మధ్యాహ్నపు ఎండను రడ్‌లీ ఎంత పలుచటి రంగుతో పట్టాడో ఆయన చెప్తుంటే, చిన్నప్పటినుంచి చూసిన గోడే నాకు కొత్తగా కనపడింది. అలా చెప్పడం నాకు చేతకాదు.

పంతొమ్మిదో పేజీలో ఇలా ఉంది: "మెట్ల లెక్క మీద రడ్‌లీకి శ్రద్ధ లేదు. అందుకు రసూల్ కొలతలే సాక్ష్యం."

నా కొలతలు.

గొల్లబండ కోట ఏనుగు వాకిట్లో మెట్లు పన్నెండు. బొమ్మలో పదకొండు. బురుజు మెట్లు ఎనిమిది. బొమ్మలో తొమ్మిది. మొత్తం ఏడు చోట్ల కొలిచాను. నాలుగు చోట్ల సరి సంఖ్య. ఆ నాలుగూ బొమ్మల్లో బేసి అయ్యాయి. మిగిలిన మూడు చోట్ల కోటలోనూ బేసే, బొమ్మలోనూ అదే లెక్క. ఒక్కటీ తప్పలేదు. శ్రద్ధ లేనివాడైతే ఆ మూడింట్లోనూ ఎక్కడో ఒకచోట తప్పాలి.

నాయన రాతిపని మేస్త్రీ. ఎవరింట్లో మెట్లు కట్టినా ఎక్కుతూ లెక్కపెట్టేవాడు. లాభం, నష్టం, లాభం, నష్టం. చివరి మెట్టు లాభం మీద ఆగాలి. నష్టం మీద ఆగితే పైమెట్టు విప్పి మళ్ళీ సర్దేవాడు. మా వైపు ఏ మేస్త్రీ అయినా అంతే.

జూలైలో నేను బి బ్లాకు మెట్లు పదకొండు గీశాను. డిజైనులో పన్నెండు. గీసేటప్పుడు నాకు తెలియనే లేదు. సార్ ఎర్ర పెన్నుతో చుట్టి, ఎందుకు అని రాశారు. ఆ రోజు నా దగ్గర జవాబు లేదు.

ఆ బొమ్మల్లో రంగులు రడ్‌లీవే కావచ్చు. గీతలు మాత్రం ఈ లెక్క తెలిసిన మా వైపు వాడివి. సంతకం రడ్‌లీది.

ఆగస్టు 12, శనివారం

బాగుంది సార్ అన్నాను. సంతకం రేపు పెడతానన్నాను.

ఆగస్టు 13

రేపు అన్నాను.

ఆగస్టు 18, శుక్రవారం

మబ్బు. జమాలుద్దీన్ అబహా మార్కెట్టుకు తీసుకెళ్ళాడు. నా రూములోనే ఉంటాడు, కంపెనీ డ్రైవరు, కర్నూలు. దారిలో సంగతి చెప్పాను.

"అయితే ఏమంటావప్పా, ఆ బొమ్మలు దొర ఏయలేదంటావా?"

"గీతలు ఆయన్వి కావు."

"మరి ఎవురేసినారు?"

"పేరు తెల్దు."

"పేరు గూడ తెల్దు. సచ్చి రెండు నూర్లేండ్లాయె. వాని కోసరం నువ్వు ఈడ పని, ఉండే ఇకామా పోగొట్టుకుంటావా?"

"సచ్చినాడు గాబట్టే. బతికుంటే వాడే వచ్చి అడిగేటోడు."

ఘాటు మలుపు దగ్గర కోతులకు రొట్టె విసిరి, "మీ సారుకు చెప్పినావా?" అన్నాడు.

లేదు.

"నాకు చెప్తే ఏమొస్తాది? నేను బండి తోలేటోన్ని."

ఆగస్టు 26, శనివారం

చెప్పాను.

ఏడు చోట్ల లెక్క ఒక కాగితం మీద గీసి తీసుకెళ్ళాను. కుడి పక్కన కోట, ఎడమ పక్కన బొమ్మ. లాభనష్టాల సంగతి చెప్పాను. నాయన సంగతి చెప్పాను. జూలైలో నేను చేసిన తప్పు గుర్తుచేశాను. ఆయన శ్రద్ధగా విన్నారు. మధ్యలో ఒకసారి నవ్వారు, ఎగతాళిగా కాదు.

"చాలా ఆసక్తిగా ఉంది. కానీ ఏడు మెట్ల వరసలు సాక్ష్యం కాదు, మిస్టర్ రసూల్."

"శ్రద్ధ లేదనడానికి అవే సాక్ష్యమని రాశారు కదా సార్."

ఆయన కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నారు. ట్రస్టులో అప్లికేషన్లు చదివేవాళ్ళు చిత్రకళ చరిత్రకారులట. బ్రిటిషు కళాకారుడి మీద పుస్తకానికి గ్రాంటు అడుగుతూ, నాలుగో అధ్యాయంలో ఆ బొమ్మలు ఆయనవి కావు అంటే రెండు నిమిషాల్లో పక్కన పెడతారట. పదకొండేళ్ళ పని అన్నారు. ఈ పుస్తకం కోసం ఆయన సెలవులన్నీ లైబ్రరీలోనే గడిచాయి. అది నాకు తెలుసు.

"రడ్‌లీ గీయలేదంటే ఇది ఎవరి మీద పుస్తకం అవుతుంది?" అని అడిగారు.

నన్ను అడిగినట్టు లేదు.

కృతజ్ఞతల పేజీలో మొదటి పేరు నాదేనట. అక్షరాలు సరిగా ఉన్నాయో లేదో చూడమని చూపించారు. సరిగానే ఉన్నాయి.

ఆగస్టు 27

నాకు కోపం లేదు. పేరు కోసం కాదు. లెక్క తప్పు, అంతే.

సెప్టెంబరు 2

సి బ్లాకు మూడో షీటు ముగించాను. మెట్లు పన్నెండు. రెండుసార్లు లెక్కపెట్టాను. నాకు కోపం లేదు.

సెప్టెంబరు 6, బుధవారం

పొడి గాలి, దుమ్ము. మధ్యాహ్నం అచ్యుతరావు గారు తలుపు వేసి కూర్చోమన్నారు. మా కంపెనీ ప్రాజెక్టు మేనేజరు, భీమవరం ఆయన. మేము కట్టేవాళ్ళం, వాడింగ్టన్ తనిఖీ చేసే కన్సల్టెంటు. ఆయన సరే అంటేనే మా బిల్లు అయినా, మా మనుషులైనా.

"ఏమిటండీ రసూల్ గారూ, వాడింగ్టన్ గారికేదో సంతకం పెట్టనంటున్నారంట?"

"ఆయన చెప్పారా సార్?"

"ఆయన చెప్పలేదండి. ఊళ్ళో అందరికీ తెలుసు, మీ జమాలుద్దీన్ ఉన్నాడుగా. చూడండి, సెకండ్ ఫేజుకి స్టాఫ్ లిస్టు వెళ్ళాలి. అప్రూవ్ చేసేది ఆయనే. ఈ టైములో మీకీ తగువెందుకండీ? ఆయన పుస్తకం ఆయన రాసుకుంటాడు. మీ సొమ్మేం పోయిందండి?"

"ఆయన పుస్తకం ఆయన్ని రాసుకోమనండి సార్. నా కొలతలు వదిలేసి."

"అబ్బో" అన్నారు. "అవి లేకపోతే ఆయనకా చాప్టరే లేదంట కదండీ."

అది నాకూ తెలుసు అన్నాను.

సెప్టెంబరు 8, శుక్రవారం

ఊళ్ళో నా భార్య మాబున్నీకి ఫోను చేశాను. పండుగకు రాలేనేమో, రావలసి వస్తే మొత్తానికే వచ్చేస్తానేమో అన్నాను. ఎందుకని అడిగింది. చెప్పాను. అంతా విని అడిగింది:

"ఏమంటాడు ఆ దొర? నీ పేరు ఏస్తానంటాండాడా, ఏయనంటాండాడా?"

"ముందుపేజీలో ఏస్తాడంట. దాని కోసరం గాదు."

"సరే గానీ, ఆ కోట మీద టేపు అవతలి కొస పట్టుకుని నాలుగు దినాలు ఎండలో నిలబడింది ఎవురు?"

నువ్వే అన్నాను.

"కాలు జారి మోకాలు కొట్టుకున్న్యా. ఇంగా నొప్పి ఉండాది. నా పేరు యాడ ఏస్తాడంట? ఆయప్పను వదిలిపెట్టు. నువ్వు యాడ ఏసినావు?"

షీట్లు తీసి చూశాను. ప్రతి షీటు కింద కొలిచినది నబీ రసూల్ అని ఉంది. పక్కన అసిస్టెంటు అని ఉంది. పద్నాలుగింటి మీదా అంతే.

సెప్టెంబరు 9

పద్నాలుగు షీట్లూ దిద్దాను. టేపు పట్టినది మాబున్నీ.

సెప్టెంబరు 14, గురువారం

ఖమీస్‌లో ఇంటర్నెట్ దుకాణానికి వెళ్ళి ఆ ట్రస్టుకు నేనే రాశాను. ఎవరు అప్లై చేయవచ్చు, ఏమేం కావాలి. వాడింగ్టన్ పేరు రాయలేదు.

సెప్టెంబరు 18

జవాబు వచ్చింది. మర్యాదగా ఉంది. ఎవరైనా చేయవచ్చు, దేశం పట్టింపు లేదు. ప్రచురణకర్త ఒప్పందం మాత్రం ఉండాలి. తర్వాతి గడువు జనవరి 31. ఫారం కూడా పంపారు. ప్రింటు తీసుకున్నాను. ఎనిమిది పేజీలు. నాకు ప్రచురణకర్త ఎవరూ లేరు.

సెప్టెంబరు 20, బుధవారం

పొద్దున ఎండ, గాలి లేదు. సి బ్లాకు మెట్ల తనిఖీ. వాడింగ్టన్, అచ్యుతరావు గారు, నేను షీటు పట్టుకుని.

వాడింగ్టన్ మెట్లు ఎక్కి దిగాడు. మళ్ళీ ఎక్కాడు. షీటు అడిగి చూశాడు. మెట్లు పదమూడు ఉన్నాయి.

కింద, నేలను ఆనుకుని రెండంగుళాల ఎత్తున ఒక పలక. గచ్చు వేసేటప్పుడు కట్టేశారు. మేస్త్రీని పిలిపించాడు. మహబూబ్ బాషా, నంద్యాల దగ్గర ఊరు. నాకు ముఖం తెలుసు, ఈ సంగతులేవీ ఎప్పుడూ మాట్లాడింది లేదు. వాడింగ్టన్ నావైపు తిరిగి ఎందుకు కట్టాడో అడగమన్నాడు.

అడిగాను.

బాషా తాపీ కడుక్కుంటూ, "పన్నెండయితే నష్టంలో ఆగుతాది గదా సార్" అన్నాడు. "ఇస్కూలు. దినామూ పిల్లోల్లు ఎక్కి దిగేది. నష్టంలో ఎట్ల దించుతాం?"

"డ్రాయింగులో పన్నెండే గదా ఉండాది."

"డ్రాయింగులో ఎన్నయినా ఉండనీ సార్. ఇంజినీర్లకు ఏం తెలుసు."

అచ్యుతరావు గారు అటు తిరిగి దగ్గారు. నేను ఉన్నది ఉన్నట్టు ఇంగ్లీషులో చెప్పాను, ఇంజినీర్ల మాటతో సహా. వాడింగ్టన్ ఆ పలక దగ్గర గొంతుకూర్చున్నాడు. చేత్తో తడిమాడు. కెమెరా తీసి రెండు ఫొటోలు తీశాడు. లేచి, డ్రాయింగులో లేనిది ఉండకూడదు, పగలగొట్టండి అన్నాడు.

మధ్యాహ్నానికి పగలగొట్టారు. కొట్టింది బాషానే.

సెప్టెంబరు 23, శనివారం

ఉపవాసం మొదలు. పనివేళలు మారాయి. పొద్దున పది నుంచి నాలుగు.

నాలుగింటికి వాడింగ్టన్ వచ్చాడు, నా టేబులు దగ్గరికే. ఒక ఫుట్‌నోటు వేస్తానన్నాడు. స్థానిక మేస్త్రీల్లో మెట్లను బేసిగా లెక్కించే ఆచారం ఉందని, రసూల్ చెప్పాడని.

"పైన వాక్యం?"

"అది అలాగే ఉంటుంది."

"అంటే పైన శ్రద్ధ లేదంటారు, కింద ఇలాంటి ఆచారం ఒకటి ఉందంటారు."

"చదివేవాళ్ళు తేల్చుకుంటారు."

"మీరు చూశారు కదా సార్, బుధవారం."

చూశాను అన్నాడు.

నేను రాసి పెట్టుకున్న కాగితం ఇచ్చాను. నాలుగు వరసలు. ఏడు చోట్ల లెక్క మొత్తం అచ్చువేస్తే, పంతొమ్మిదో పేజీలో ఆ వాక్యం తీసేస్తే, నా షీట్లు పద్నాలుగూ వాడుకోవచ్చు. కింద నా సంతకం, మాబున్నీ పేరు. చదివి మడిచి జేబులో పెట్టుకున్నాడు. ఇది అనుమతి కాదు, బెదిరింపు అన్నాడు. గొంతు పెంచలేదు.

నేనూ పెంచలేదు. ఉపవాసం.

సెప్టెంబరు 27, బుధవారం

ఈరోజు కొరియరు వెళ్ళకపోతే ముప్ఫైకి అందదు. జమాలుద్దీనే రోజూ కవర్లు తీసుకెళ్తాడు. మూడింటికి వెళ్ళి అడిగాడట. వాడింగ్టన్ కవరు టేబులు మీదే ఉందట, మూత అంటించి. ఇవ్వలేదట. రేపు అన్నాడట.

రేపు గురువారం సెలవు, కొరియరు లేదు.

అక్టోబరు 14, శనివారం

స్టాఫ్ లిస్టు గోడకు అంటించారు. ముప్ఫై ఒక్క పేర్లు. నాది లేదు. బాషాది లేదు.

అచ్యుతరావు గారి దగ్గరికి వెళ్ళాను. "ఆయన కొట్టేయలేదండి" అన్నారు. "నేనే పెట్టలేదు. పెడితే ఆయన కొట్టేస్తాడు, మిగతా లిస్టంతా ఆగిపోతుంది. ముప్ఫై మంది ఉన్నారండీ నా మీద."

"బాషా ఏం చేశాడు సార్?"

కాగితాలు సర్దుకున్నారు. "మీరింకా నాలుగు రోజుల్లో ఒక్క మాట ఆయనతో" అన్నారు. వాక్యం ముగించలేదు.

నేను వెళ్ళలేదు.

అక్టోబరు 15

వెళ్ళలేదు.

అక్టోబరు 23, సోమవారం

పండుగ. జమాలుద్దీన్ సేమ్యా చేశాడు. పాలు మాడ్చాడు. బాషా కూడా వచ్చాడు. పాయసం తింటూ అతనే అడిగాడు.

"నా వల్ల మీకేమన్నా అయ్యిందా సార్?"

"నా వల్ల నీకయ్యిందేమో."

"నాకేం సార్. ఈడ గాకపోతే దమ్మాము. మెట్లు యాడైనా ఉంటాయి." జమాలుద్దీన్ వైపు తిరిగి, "మళ్లా గూడ పదమూడే కడతా" అన్నాడు.

అక్టోబరు 25, బుధవారం

చలి మొదలైంది. వాడింగ్టన్ జమాలుద్దీన్‌తో పెద్ద కవరు పంపాడు. జనవరి గడువుకు అప్లికేషను. నాలుగో అధ్యాయం మొదటి పేజీ మీద ఇప్పుడు రెండు పేర్లు ఉన్నాయి. ఆర్థర్ వాడింగ్టన్, షేక్ నబీ రసూల్. గ్రాంటు ఫారంలోనూ ఆ అధ్యాయానికి రచయితలు ఇద్దరు. షీట్ల కింద మాబున్నీ పేరు కూడా వేయించాడు. అనుమతి పత్రంలో నేను సంతకం చేయవలసిన చోట పెన్సిలుతో చిన్న టిక్కు. స్టాఫ్ లిస్టు నకలు ఒకటి. అడుగున ముప్ఫై రెండో పేరుగా నా పేరు చేత్తో రాసి, పక్కన తన పొడి సంతకం పెట్టాడు.

పంతొమ్మిదో పేజీ తీశాను. "మెట్ల లెక్క మీద రడ్‌లీకి బహుశా శ్రద్ధ లేదు. అందుకు రసూల్ కొలతలే సాక్ష్యం."

బహుశా అన్న మాట కొత్తది. తక్కినదంతా పాతదే. ఏడు చోట్ల లెక్క ఎక్కడా లేదు. బాషా పలక ఫొటో లేదు.

అక్టోబరు 26, గురువారం

కవరు ఉంచుకున్నాను. మొదటి పేజీ నాలుగుసార్లు చూశాను. పేరు పెద్ద అక్షరాల్లో ఉంది.

పేరు కోసం కాదని ఎన్నిసార్లు రాశానో వెనక్కి తిప్పి చూశాను.

అక్టోబరు 27, శుక్రవారం

పొద్దున మాబున్నీకి ఫోను చేసి, నీ పేరు కూడా వేశాడు అన్నాను.

"అట్లనా" అంది. సంతోషంగానే అంది. తర్వాత, "మరి ఆ మేస్త్రీది?" అని అడిగింది.

"ఏ మేస్త్రీ?"

"ఆ బొమ్మలు గీసినాయప్ప. నువ్వు చెప్పితివి గదా."

"ఆయప్ప మాటే లేదు. రడ్‌లీకి శ్రద్ధ లేదని ఉండాది."

"అయితే అబద్ధం కింద మన ఇద్దరి పేర్లు ఏసినాడు."

సాయంత్రం కవరు ఉన్నది ఉన్నట్టు జమాలుద్దీన్ చేతికి ఇచ్చాను. సంతకం పెట్టలేదు. పంతొమ్మిదో పేజీలో ఆ రెండు వాక్యాల చుట్టూ ఎర్ర పెన్నుతో చుట్టి, ఎందుకు అని రాశాను.

జమాలుద్దీన్ తెరిచి చూశాడు. "లిస్టు గూడ వాపస్ ఇస్తాండావా?"

"అన్నీ."

"నీకు పిచ్చి పట్టినాది."

"ఫారం నా దగ్గర గూడ ఒకటుండాది. ఎనిమిది పేజీలు."

"పుస్తకం యాడుండాది?"

"రాస్తా."

"ఇంగ్లీషులో?"

"ముందు తెలుగులో రాస్తా. నిఘంటువు ఉండాది గదా."

అతను నవ్వలేదు. కవరు బండి ముందు సీట్లో పెట్టుకుని వెళ్ళాడు.

అక్టోబరు 29, ఆదివారం

జవాబు లేదు. మధ్యాహ్నం సి బ్లాకుకు వెళ్ళి కొలిచాను. టేపు అవతలి కొస బాషా పట్టుకున్నాడు. పదిహేనో షీటు గీశాను. డ్రాయింగులో మెట్లు పన్నెండు. సెప్టెంబరు 20 ఉదయం పదమూడు. మధ్యాహ్నం నుంచి పన్నెండు. పలక ఆనవాలు గచ్చు మీద ఉంది, కొలత వేశాను. కట్టినది, పగలగొట్టినది మహబూబ్ బాషా. కట్టమన్నవాళ్ళు ఎవరూ లేరు.

పాస్‌పోర్టులు ఇచ్చారు. మా ఇద్దరివాటి మీదా దేశం వదిలే ఎగ్జిట్ ముద్ర పడింది.

అక్టోబరు 31, మంగళవారం. అబహా ఎయిర్‌పోర్టు.

పొద్దున పొగమంచు, చలి. పని లేదు. వాడింగ్టన్ జవాబు ఇవ్వకుండానే నిన్న మధ్యాహ్నం లీవు మీద లండనుకు వెళ్ళాడు. బాషా, నేను ఊరికి వెళ్ళడానికి ఈరోజు ఆరు ఇరవైకి క్యాంపు వదిలాం. పదిహేను షీట్లూ, ఎనిమిది పేజీల ఫారమూ నా సంచిలో ఉన్నాయి.